శాకుంతలకథయందు వివాహసాక్ష్యము

శకుంతలాకథను నన్నయభట్టారకుఁడు నడపిన తీరును, కాళిదాసుని నాటకము ననుసరించిన కవులు నడపిన తీరును బోల్చి తారతమ్యము నిర్ణయించుట మన విమర్శకులకుఁ జిరపరిచితమైన పని. నాటకమందలి శాపమును, ఉంగరమును రాజునకుఁ గళంకము రాకుండఁ గాపాడినవనియు, అందుచే నా మార్పు రసపోషకమనియు, భారతమందలి దుష్యంతుఁడు తెలిసియు బొంకినవాఁ డగుటచే నాయకగుణమునఁ గొఱవడినవాఁడనియుఁ బెక్కండ్రు తలంతురు. ఈ తీర్పు నాయకుని బట్టి చేయఁబడినది. నాయికను బట్టి, అనఁగా భర్తయింటి వాకిట నిలిచి తాను భార్యనని చెప్పుకొనవలసివచ్చిన స్త్రీని బట్టి, ఆ రెండు కథలను మరల నొకమాఱు చదువవలసి యున్నది. అట్లు చదివినచో నన్నయ సభాఘట్టమే మిన్నయని యీ వ్యాసమునఁ జూపఁదలఁచితిని.

ఇట్టి విచారమునకు నేఁటి కాలమే ప్రేరకము. తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు, పలమనేరు, చిత్తూరు ప్రాంతములందుఁ గొడుకో, కూఁతురో, అల్లుఁడో విదేశమున నుద్యోగించుచున్న కుటుంబములు పెక్కులు గలవు. అట్టి యిండ్లలోఁ బెండ్లి నిశ్చయ మగునప్పుడు జాతకముల మాటతోపాటు వీసా మాటయు వినఁబడుచున్నది. వీసా యనఁగాఁ బరదేశప్రవేశమునకై యా దేశపు టధికారి యొసఁగు నంగీకారము. పెండ్లికూఁతురు భర్తను జేరుటకు నదియే తలుపు. ఆ తలుపుకడ నడుగఁబడు ప్రశ్న దుష్యంతుని సభలో నడుగఁబడిన ప్రశ్నయే: నీవు భార్య వనుటకు సాక్ష్య మేమి?

నన్నయ కథలో శకుంతల కొడుకును వెంటఁబెట్టుకొని సభకు వచ్చును. ఆమెచేత నుంగరము లేదు, లేఖ లేదు. గాంధర్వవివాహ మగుటచే బంధువులు గాని పురోహితుఁడు గాని సాక్షులు కారు. రాజు తా నెఱుఁగ ననును. అప్పు డామె యెఱిఁగియు నెఱుఁగనివానివలెఁ బలుకుట తగదని మందలించి, మనుష్యుని నడవడిని సూర్యచంద్రులును, భూతములును, రేయుంబవళ్లును జూచుచునే యుండునని హెచ్చరించి, సత్యవాక్యముయొక్క గౌరవమును బ్రతిపాదించినది. నూతులకంటె బావియు, బావికంటె యజ్ఞమును, యజ్ఞముకంటెఁ బుత్రుఁడును, పుత్రునికంటె సత్యవాక్యమును మేలను నా సోపానక్రమము మన బాలురు బడిలోనే వల్లించునది. దానిని నీతిపద్యముగా విడఁదీసి నేర్పుటచే, అది యొక భార్య తన స్థానమునకై నిండుసభలోఁ జెప్పిన వాదమను సంగతి మఱుఁగుపడుచున్నది. ఆమె ధర్మోపన్యాసము చేయుట లేదు. ఏ సాక్ష్యమును లేనిచోటఁ దన మాటనే సాక్ష్యముగా నిలుపుచున్నది.

పిదప నశరీరవాణి పలుకును. రాజు సంతసించి, ఈ వివాహము తమ యిద్దఱకే తెలియుననియు, లోక మెఱుఁగ దనియు, అపవాదమునకు వెఱచి యట్లంటి ననియుఁ జెప్పును. విమర్శకులు దీనిని రాజు తప్పు కప్పిపుచ్చుకొనుటగాఁ జూచిరి. దీనిలో నంతకంటె లోఁతైన సంగతి గలదు. దుష్యంతుఁ డచ్చట భర్తయు, ధర్మాధికారియుఁ గూడ. భర్తగా నతఁ డెఱుఁగును. అధికారిగా నతనికి లోక మొప్పుకొను సాక్ష్యము కావలెను. ఒకే మనుష్యునియం దెఱుకయు, అనుమానమును గలిసి యున్నవి. నేఁటి వీసాకథలో నా రెండు పాత్రలును విడిపోయినవి. భర్తకు నిజము తెలియును, కాని యతఁ డధికారి కాఁడు. అధికారికి నిర్ణయించు శక్తి గలదు, కాని యతనికి నిజము తెలియదు. ఆ నడుమ నిలిచినది శకుంతల.

కాళిదాసు ఈ కొఱఁతను దీర్చుట కుంగరమును దెచ్చెను. మన భాషలోఁ బదునేనవ శతాబ్దమునఁ బిల్లలమఱ్ఱి పినవీరభద్రకవి శృంగారశాకుంతలమున భారతకథను, నాటకకథను గూర్చి చెప్పెను. ఈ కవియే జైమినిభారతమును సాళువ నరసింహరాయల కంకితము చేసెను. ఆ నరసింహుని బలమునకుఁ బట్టు తిరుపతికిఁ జేరువనున్న చంద్రగిరి. కావున నీ యుంగరపుఁగథకు మన సీమతోఁ గొంత చుట్టఱికము గలదు.

నాటకమందలి సభాఘట్టమున సాక్ష్యము లెట్లు విఫలములైనవో క్రమముగాఁ జూడవలెను. మొదటిది ముద్ర. శకుంతల వ్రేలు తడవి చూచుకొనఁగా నుంగరము లేదు. రెండవది స్మృతి. ఒకనాఁడు దీర్ఘాపాంగ మను లేడిపిల్ల రాజు చేతినీరు త్రాగక తన చేతినీరు త్రాగిన ముచ్చట నామె చెప్పును. దంపతు లిద్దఱకే తెలిసిన సంగతి యది. రాజు దానిని స్త్రీల మాటనేర్పుగా నెంచి త్రోసివేయును. పిమ్మట నుంగరము జాలరి చేతఁ బడఁగా, దానిని దెచ్చినవాఁడే దొంగగాఁ గట్టువడును. ముద్ర లేనిచో నబద్ధమను శంక. ముద్ర యున్నచోఁ జౌర్యమను శంక. తుద కుంగరము రాజునకుఁ జేరినప్పుడు శకుంతల యచ్చట లేదు. ఆమె సత్యము వస్తువువలన స్థిరపడినదే కాని యామె మాటవలన స్థిరపడలేదు. రసదృష్టిచే నిది గొప్ప కల్పన. కాని నాయిక న్యాయము ఒక చేఁపకడుపుపై నాధారపడినది.

ఇఁక నేఁటి శాసనములను జూతము. మన ప్రాంతమువారికి బాగుగఁ బరిచయమైన యమెరికా సంయుక్తరాష్ట్రముల పద్ధతినే తీసికొందము. అచ్చట హెచ్-1బి యను తాత్కాలికోద్యోగపు వీసాపై నున్నవాని భార్యకు హెచ్-4 యను తరగతి గలదు; ఈ తరగతి 1970వ సంవత్సరపు శాసనముచే నేర్పడినది. వివాహము నిజమనియు, భర్తయుద్యోగము నిలిచి యున్నదనియుఁ జూపినచో నామెకుఁ బ్రవేశము కలుగును. కాని యామె స్థానము సర్వవిధముల భర్తస్థానమున కనుబంధము. అతని యుద్యోగము పోయినచో, 2017వ సంవత్సరమున వచ్చిన నియమము ప్రకార మఱువది దినముల గడువు మాత్రము లభించును. ఆమె యెంత చదివినదైనను జిరకాలము జీతమునకుఁ బనిచేయ నర్హత లేకుండెను. 2015 మే 26 నుండి, భర్త శాశ్వతనివాసమునకై కొంతదూరము సాగినవాఁడైనచోఁ బనిచేయుట కనుమతి యొసఁగఁబడినది. భార్యాశబ్దమునకు భరింపఁదగినదని మన శాబ్దికులు చెప్పు వ్యుత్పత్తి నీ తరగతి యక్షరాల పాటించినట్లున్నది.

భర్త గ్రీన్‌కార్డు, అనఁగా శాశ్వతనివాసపత్రము పొందినపిదప వివాహమాడినచోఁ గథ మాఱును. 1990వ సంవత్సరపు శాసనము శాశ్వతనివాసుల కుటుంబమునకు సంవత్సరమునకు 1,14,200 వీసాల నేర్పఱచి, అందు నూటికి డెబ్బదియేడు వంతులకుఁ దక్కువకాకుండ భార్యాభర్తలకును, పసిబిడ్డలకును విడిచినది. కోరువారు మిక్కుట మగుటచే వరుసలో నిలువవలెను. తాత్కాలికోద్యోగి భార్య వెంటనే వెంట వెళ్లును. శాశ్వతనివాసి భార్య పుట్టినింట వేచియుండును. స్థిరత్వము పెరిగినకొలఁది వియోగము పెరుగుట యీ నియమముల చిత్రము. ఆలంకారికులు ప్రోషితభర్తృకను జెప్పిరి. భర్త పిలుచుచున్నను, తాను బయలుదేఱ సిద్ధముగా నున్నను వరుససంఖ్యకొఱకుఁ గాచుకొన్న నాయికను వారు చెప్పియుండలేదు.

అట్టి భార్య, పోనీ కొన్నాళ్లు చూచి వత్తునని సందర్శకవీసా కోరినచో నేమగును? 1952వ సంవత్సరపు శాసనము ప్రకారము సందర్శకత్వము కోరు ప్రతివారును స్థిరపడుటకే వచ్చుచున్నారని ముందుగా భావింపఁబడును. అట్లు కాదని నిరూపించు భారము కోరినవారిదే. స్వదేశమున విడువరాని నివాస మున్నదని చూపవలెను. ఇచ్చట వైరుద్ధ్యము స్పష్టము. ఒక తలుపుకడ భర్తతోడి బంధము దృఢ మని చూపవలెను; మఱియొక తలుపుకడ నా బంధమే శంకకుఁ గారణ మగుటచే, ఇంటితోడి బంధము దానికంటె దృఢమని చూపవలెను. కణ్వాశ్రమమును విడుచునప్పుడు కొంగు పట్టి లాగిన లేడిపిల్లయే సందర్శకురాలికి సాక్ష్యము; ఆ లేడిని విడిపించుకొని ముందునకు సాగిన యడుగే భార్యకు సాక్ష్యము. ఒకే స్త్రీ యీ రెంటిని జూపుట యెట్లు? కూఁతురి కానుపునకుఁ బోవఁగోరు తల్లిదండ్రులును ఈ రెండవ తలుపుకడనే నిలుతురు. వీసా దొరకినను, ఎన్నాళ్లుండవలెనో రేవునందలి యధికారి నిర్ణయించును గాని వీసాకాగితము నిర్ణయింపదు.

ఇట్టి ప్రశ్న మన సీమకు నేఁడు క్రొత్తగా వచ్చినది కాదు. 1860 నవంబరు 16వ తేది మదరాసునుండి వెడలిన త్రూరో యను నోడ దర్బనురేవు చేరినది మొదలు, 1911వ సంవత్సరమున నా పద్ధతి నిలిచిపోవువఱకు, లక్షన్నరకు మించిన భారతీయులు కూలియొడంబడికపై నేటాలుదేశమునకుఁ బోయిరి. వారిలో నుత్తరార్కాటువారు గణనీయులు. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు నాఁ డుత్తరార్కాటు జిల్లాలోనివే. 1911 ఏప్రిలు 1వ తేదిని చిత్తూరు జిల్లా యేర్పడినది. 1913 మార్చి 14వ తేదిని గేపుప్రాంతపు టున్నతన్యాయస్థానమున సర్లు న్యాయాధిపతి, బహుభార్యాత్వమునకుఁ జోటిచ్చు మతాచారమున జరిగిన వివాహము ప్రవేశనియమములకు వివాహము కాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పునుబట్టి హిందువుల, మహమ్మదీయుల భార్యలు పెక్కండ్రు శాసనదృష్టిలో భార్యలు కాకపోయిరి. అదియే స్త్రీలను సత్యాగ్రహమునకుఁ బురికొల్పిన ముఖ్యకారణములలో నొకటి. కస్తూరిబాయి మున్నగువారు చెఱసాలకుఁ బోయిరి. 1914వ సంవత్సరపు భారతీయోపశమనశాసనముచే నేకపత్నీకవివాహము లంగీకరింపఁబడినవి. నిండుసభలోఁ దాము భార్యల మని శకుంతల యొక్కతె కాక యొక జనసమూహమే పలికిన సందర్భ మిది. ఇచ్చట నుంగరము పనిచేయలేదు, సత్యవాక్యము పనిచేసినది.

ఆంగ్లదేశమున మఱియొక విధము. 1980 ప్రాంతమునుండి 1997 జూనువఱకు నచ్చట నొక నియమ ముండెను: వివాహముయొక్క ముఖ్యప్రయోజన మా దేశమున స్థిరపడుట కాదని వరుఁడో వధువో నిరూపింపవలెను. లేనిదానిని లేదని నిరూపించుట తార్కికులకే దుష్కరము. ఆ నియమము పోయినపిదప ధనముద్ర వచ్చినది. 2012వ సంవత్సరమున భార్యను లేక భర్తను రప్పించుకొనువారికి సాలుకు 18,600 పౌనుల యాదాయ ముండవలె నని విధించిరి. 2024 ఏప్రిలు 11 నుండి యది 29,000 పౌనులకుఁ బెంపఁబడినది.

ధనసాక్ష్యము మాట వచ్చినది గనుక మన తిరుపతి స్థలకథను స్మరింపక తప్పదు. తరిగొండ వెంగమాంబ వేంకటాచలమాహాత్మ్యమును రచించిన సీమ యిది. శ్రీనివాసుఁడు నారాయణవనపు రాచకూఁతురగు పద్మావతిని వివాహమాడుటకుఁ గుబేరునికడ ఋణము చేసి, బ్రహ్మరుద్రులు సాక్షులుగాఁ బత్రము వ్రాసియిచ్చెనని ప్రసిద్ధి. పెండ్లి యైన వెంటనే కొండ యెక్కక, నూతనదంపతు లాఱునెలలు దిగువనే యగస్త్యాశ్రమమున నుండిరని శ్రీనివాసమంగాపురమునఁ జెప్పుదురు. ఈ కథలో వరుఁడు వచ్చి నిలిచినవాఁడు. నివాసభూమి వరాహస్వామి యనుమతిచే దొరకినది. వివాహమునకుఁ బత్రము గలదు, సాక్షులు గలరు, నిరీక్షణకాలము గలదు. అయినను ఋణపత్ర మచ్చట వరుని యనర్హతకు సాక్ష్యము కాలేదు. పెండ్లిపైఁ గల యాదరమునకు సాక్ష్యమైనది. నేఁటి యధికారికి దానిని జూపినచో, స్వంత యాదాయము లేనివాఁడని యామోదింపకుండును. పత్ర మొక్కటియే; చదువువారి దృష్టి వేఱు.

ఇచ్చట నొక యాక్షేపము పుట్టును. కపటవివాహములు లేవా? అబద్ధపుఁ బత్రములు పుట్టుట లేదా? కన్నవారినెల్ల నమ్మిన నే రాజ్యమైన నిలుచునా? ఈ యాక్షేపము నిరాకరింపరానిది. దుష్యంతుఁడు లోకాపవాదమునకు వెఱచితి ననుటలో నీ న్యాయమే యున్నది. సాక్ష్య మడుగుట తప్పు గాదు. సాక్ష్య మనఁగా నేమి యనునదియే ప్రశ్న. వివాహమును నమోదు చేయించుట మన దేశమునను విధియే. 1955వ సంవత్సరపు హిందూవివాహశాసనము నమోదునకుఁ దావిచ్చినది, ఆంధ్రప్రదేశమున 2002వ సంవత్సరపు శాసనము దానిని నిర్బంధము చేసినది. కాని నమోదు లేనంతమాత్రమున వివాహము చెడదని 1955వ సంవత్సరపు శాసనమే చెప్పుచున్నది. పత్రము వివాహమునకు గుఱుతు గాని వివాహము గాదు. కాళిదాసుని రాజు గుఱుతునే వస్తువుగా నెంచెను. నన్నయ శకుంతల యా రెంటికిఁ గల భేదమును జూపెను.

శాసనములును గ్రమముగా నీ భేదమును దెలిసికొన్నట్లు కనఁబడుచున్నవి. 1986వ సంవత్సరమున నమెరికాలో వివాహకపటనివారణ శాసనము వచ్చి, రెండేండ్లు నిండని వివాహముచేఁ బ్రవేశించినవారికి రెండేండ్ల షరతుతోనే నివాస మొసఁగినది. గడువు తీఱుటకు ముందు తొంబది దినములలో దంపతు లిరువురును గలిసి వ్రాసికొనవలెను. భర్త వ్రాయ ననినచో, తెలిసియు బొంకిన దుష్యంతుని ముందు నిలిచినట్లే. అందుచే హింసకు గుఱియైన భార్య భర్తచేవ్రాలు లేకయే తానుగా వ్రాసికొనుటకు 1994వ సంవత్సరమున మార్గ మేర్పఱచిరి. అనఁగా ముద్రకు బదులు వాక్కున కొకింత చోటు దొరకినది. దీనికి విరుద్ధముగా, 2024 జూనులో నా దేశపు సర్వోన్నతన్యాయస్థానము, విదేశీయుఁడగు భర్తను లేక విదేశీయురాలగు భార్యను దేశమునకు రప్పించుకొనుట పౌరునికి మౌలికమైన హక్కు కాదని నిర్ణయించినది. అశరీరవాణి యచ్చటఁ బలుకలేదు.

ఇఁక సిద్ధాంతము. వీసానియమములలో లోపములు రెండు విధములు. ఒక పత్రము లేక నిలిచిపోయిన దరఖాస్తు చచ్చినది కాదు. అమెరికా పద్ధతిలో సాధారణముగా నొక సంవత్సరములోపల నా పత్రము నందిచ్చినచో విచారణ సాగును. ఉంగరము పోయినను మరల దొరకవచ్చును. కాని తెలిసి చెప్పిన ముఖ్యమైన యబద్ధము బయల్పడినచో, దాని ఫలము యావజ్జీవనిషేధము. క్షమాపణమార్గము కొందఱకుఁ గలదు గాని యది మిక్కిలి యిఱుకు. వరుసలో నిలువలేని భార్యకు, సందర్శకవీసా దరఖాస్తులో నవివాహిత నని వ్రాయుమనియో, భర్త యచ్చట లేఁడని చెప్పుమనియో బోధించు మధ్యవర్తులు లేకపోలేదు. ఆ యొక్కమాట, నిజమైన భార్యను జీవితాంతము భర్తయింటికి దూరము చేయఁగలదు. ఉన్న బంధమును లేదని తానే చెప్పుటచే నామె దుష్యంతుని మాటను దనపైఁ దానే పలికికొన్నట్లగును. పిదప నే యుంగరమును దానిని దుడువలేదు.

కావున సత్యవాక్యము వేయి యజ్ఞములకంటె బరువైన దనుట యచ్చట నలంకారము గాదు. అనుభవమునకు వచ్చు న్యాయము. నన్నయ శకుంతల యుంగరము లేకయే గెలిచినది. ఆమె మాట మొదటినుండి తుదవఱకు నొక్కటియే యగుటచేత, అశరీరవాణి దానికిఁ గ్రొత్తగాఁ జేర్చినది లేదు, ఉన్నదానినే యనువదించినది. కాళిదాసు శకుంతల విధిచే గెలిచినది. రసజ్ఞులు రెండవదానిని మెచ్చుకొందురు గాక. పరదేశపు వాకిట నిలిచిన స్త్రీకి మొదటిదియే తోడు.

పాఠశాలాపండితుల కొక విన్నపము. సత్యవాక్యమునుగూర్చిన నన్నయ పద్యమును బాలబాలికలకుఁ జెప్పునప్పుడు, దానిని నీతివాక్యముగా మాత్రమే విడఁదీయక, అది యెవరు, ఎచ్చట, ఏ హక్కునకై పలికినదో కూడఁ జెప్పుఁడు. మన తరగతులలోఁ గూర్చున్న బాలికలలో రేపు కొందఱైన నట్టి సభలో నిలుతురు. అప్పుడు వారిచేత నుంగర ముండవచ్చును, ఉండకపోవచ్చును; మాట మాత్రము వారిచేతిలోనిదే.